వరుడి పేరు తప్పనిసరి

మా మామ మీద ఊళ్ళో వాళ్ళకున్న అనుమానం చిన్నదే. మండపం నోటులో ఖాళీగా కనిపిస్తున్న తేదీని అడిగితే ఆయన లేదంటాడు. ఎందుకు లేదో చెప్పడు. ఇంత చిన్న అనుమానాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు పెంచితే ఎంతవుతుందో, పోయిన ఏడాదికి అంతయింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మేము తమిళనాడులో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం. రాజపాళయంలో మా వాళ్ళ కల్యాణ మండపం తాళాలూ, ఎవరి పెళ్ళికి ఏ తేదీ ఇచ్చారో రాసే నోటూ ఆయన దగ్గరే ఉంటాయి. నోటు అంటే పొడుగాటి అట్ట పుస్తకం. అందులో ఆయన పెన్సిల్‌తో రాస్తాడు. మా ఊళ్ళో పెన్సిల్‌తో రాసేది ఒకటో తరగతి పిల్లలూ, మా మామా. పిల్లల్ని ఎవరూ అనుమానించరు.

ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, మా వైపు పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేవు కనుక తీరిక ఉంటుంది, తీరిక ఉంటుంది కనుక సంఘం సర్వసభ్య సమావేశం ఆ నెలలోనే పెడతారు. పాత తగవులన్నిటికీ అదే సీజను. పోయిన ఏడాది ఆ సమావేశంలో మామ దగ్గర నుంచి నోటూ తాళాలూ వెనక్కి తీసుకోవాలని కొత్త సెక్రెటరీ ముందే నిశ్చయించుకున్నాడు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. తన సంతకాన్ని తనే రెండుసార్లు పోల్చి చూసుకునే మనిషి. మామ తర్వాత నోటు ఎవరు చూసుకోవాలి అంటే ఎవరూ వద్దు, కంప్యూటర్ చూసుకుంటుంది అన్నాడు. వెబ్‌లో ఒక ఫారం పెడతారు. ముందు నింపినవాళ్ళకు ముందు తేదీ. అందులో అక్కయ్య కూతురనీ బావమరిదనీ ఉండదు.

ఆ ఫారం చేసిపెట్టమని ఆయన నా దగ్గరికే వచ్చాడు. నేను సర్జికల్ గుడ్డ నేసే ఒక యూనిట్ ఆఫీసులో పనిచేస్తాను. బ్యాండేజీ చుట్టలు ఎన్ని పెట్టెలు, ఏ లారీలో, ఎక్కడికి అన్నది నా లోకం. ఎప్పుడో కంప్యూటర్ సైన్సులో బీఎస్సీ చదివాను. ఆ చదువు వల్ల ఈ పదకొండేళ్ళలో ఆఫీసు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలన్నీ నేనే లాగాను.

"నీ మామ కదా, చెయ్యనంటావని అనుకొని వచ్చినా" అన్నాడు సెక్రెటరీ.

చేస్తాను చిన్నాయనా అన్నాను. ఆయనకు అప్పుడు నా మీద కూడా అనుమానం వచ్చింది.

నేను ఒప్పుకోవడానికి కారణం ఉంది. మామ మీద అనుమానం నాకూ ఉండేది. మూడేళ్ళ కిందట నా కాలేజీ స్నేహితురాలికి వైకాసిలో, అంటే మే జూన్లలో, తేదీ కావలసి వచ్చింది. నోటులో ఆ వరస ఖాళీగా ఉండడం నేను కళ్ళారా చూశాను. మామ లేదన్నాడు. పాపం ఆ పిల్ల శ్రీవిల్లిపుత్తూరులో ఏదో హాలు చూసుకుంది. అదే రోజు మా మండపంలో ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఒక పెళ్ళి జరిగిపోయింది. ముందు రోజు వరకూ ఆ పెళ్ళి సంగతి మా ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఏంది మామా ఇది అని అడిగితే, వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ "అట్ల ఉండె పాపా" అన్నాడు. ముప్పై ఆరేళ్ళొచ్చినా నన్ను పాపా అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో, మాట తప్పించడం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను. వాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకున్నాడని జనం అన్నారు. నేను అనలేదు. అనుకున్నాను.

ఇక ఫారం. హెచ్‌టీఎమ్‌ఎల్ అన్నది కాలేజీ లాబ్‌లో రికార్డు బుక్కు కోసం రాసిందే, మళ్ళీ ముట్టుకోలేదు. ఆఫీసులో భోజనాల వేళ నోట్‌ప్యాడ్ తెరిచి మొదలుపెట్టాను. అది నిజానికి చాలా మర్యాద తెలిసిన భాష. ఏది తెరిచామో దాన్ని మూయాలి, అంతే. మూయకపోయినా కోప్పడదు, పేజీని కాస్త వంకరగా చూపించి ఊరుకుంటుంది. ఫారం అని తెరిచి, లోపల ఒక్కో ప్రశ్నకు ఒక లేబులూ, జవాబు రాయడానికి ఒక గడీ పెట్టుకుంటూ పోవాలి.

నమూనాగా తీసుకున్న పేజీలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులున్నాయి. మాకు పేరుకు ముందు ఇనీషియల్ ఉంటుంది, అది నాయన పేరులో మొదటి అక్షరం. దానికీ ముందు ఇంటిపేరు ఉంటుంది, దాన్ని పెళ్ళిళ్ళకూ తగవులకూ మాత్రం బయటికి తీస్తాం. చివరి పేరంటూ ఎవరికీ ఏమీ లేదు. ఆ గడి తీసేశాను. ఇంటిపేరు, ఇనీషియల్‌తో పేరు, ఫోను నంబరు, ఏ విశేషం, ఏ తేదీ, వధువు పేరు, వరుడి పేరు పెట్టాను.

తేదీ గడి మొదట మామూలు క్యాలెండర్‌లా పెట్టాను. అది అమావాస్య రోజున, మంగళవారం నాడు కూడా పెళ్ళికి ఒప్పుకుంటోంది. దాన్ని పీకేసి, పంచాంగంలో ఉన్న ముహూర్తం రోజుల్ని మాత్రం ఒక జాబితాగా పేర్చాను. నొక్కితే కిందికి జారుతుంది, అందులో ఒకటి ఎంచుకోవాలి. ఇదివరకే ఇచ్చేసిన తేదీ పక్కన కోడ్‌లో డిసేబుల్డ్ అని ఒక్క మాట రాస్తే చాలు, ఆ వరస బూడిద రంగులోకి మారి ఎంత నొక్కినా పలకదు.

అన్నీ అయ్యాక మా ఇంటి వివరాలతో నింపి సబ్మిట్ నొక్కాను. పేజీ ఒకసారి మెరిసి, గడులన్నీ ఖాళీ అయి, శుభ్రంగా నిలబడింది. నేను రాసినవి ఎక్కడికి పోయాయో తెలియదు. అప్పుడు గుర్తుకొచ్చింది, ఆ భాషకు అడగడమే వచ్చు, రాసి పెట్టుకోవడం రాదు. ఎవరైనా చూస్తే మామ పోలిక అనేవాళ్ళు. కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తున్న కాలేజీ క్లాస్‌మేట్‌కు ఫోన్ చేస్తే, సమాధానాలు వెళ్ళి పడే చోటు ఒకటి కట్టి దాని అడ్రసు పంపాడు. దాన్ని ఫారం మొదట్లో చేర్చాక, ఎవరు ఏం నింపినా ఒక పట్టికలో గంటా నిమిషంతో సహా పడడం మొదలైంది.

సెక్రెటరీ వచ్చి చూసి, గంటా నిమిషమూ పడుతున్నందుకు సంతోషించాడు. సంతోషించాక ఒక్కో గడినీ వేలితో పొడుస్తూ, ఇది ఖాళీగా వదిలితే పోతుందా అని అడిగాడు. పోతుందన్నాను.

"పోగూడదు. ఖాళీ పెట్టేదానికి ఆ నోటే ఉండాది కదా. అన్నీ కట్టాయం చెయ్" అన్నాడు.

కట్టాయం అంటే అరవంలో తప్పనిసరి. కోడ్‌లో ఒక్కో గడి పక్కన రిక్వైర్డ్ అని చేర్చాను. జనానికి తెలియడానికి ఎర్ర నక్షత్రం గుర్తు పెట్టాను. అది కూడా చాలలేదు. తేదీ తీసుకున్నవాళ్ళ ఇంటిపేరూ వధువు పేరూ వరుడి పేరూ అదే పేజీలో కింద, ఊరందరికీ కనిపించాలన్నాడు. తెరిచిపెట్టిన చోట తప్పు జరగదని ఆయన నమ్మకం. నాకూ సబబుగానే తోచింది.

మిగిలింది పాత తేదీలు ఎక్కించడం. మండపం ముందు వైపున్న చిన్న గదికి, మామ దగ్గరికి వెళ్ళాను. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు మిల్లు వాళ్ళిచ్చిన క్యాలెండర్. ఆయన నోటు తీసి చదువుతుంటే నేను ఫోనులో పట్టిక నింపుకుంటున్నాను. రెండు పేజీలు చదివి ఆగాడు.

"ఇది ఎవరు చూస్తారు?"

"అందరూ."

"అందరూనా?" అని కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఇది ఫారం కాదు, ఎవరో పెట్టిన వల అన్నట్టుంది ఆ చూపు. కానీ చదవడం మానలేదు. ఆడి తర్వాత వచ్చే ఆవణి మాసం దగ్గరికి వచ్చేసరికి రెండో ముహూర్తం వదిలేసి మూడోదానికి పోయాడు.

రెండోది ఏమయిందన్నాను.

"అది లేదు."

"ఎవరికి ఇచ్చినావు?"

"లేదు పాపా."

"ఖాళీగా ఉండాది కదా మామా."

"ఖాళీ కాదు. రాయలేదు" అన్నాడు.

ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగితే, టీ తాగుతావా అన్నాడు. తాగి వచ్చేశాను. దారి పొడుగునా, ఈసారి ఎవరి దగ్గర పుచ్చుకున్నాడోనని ఆలోచించాను. సొంత మేనమామ కాబట్టి కొంచెం గౌరవంగానే ఆలోచించాను.

ఆ ఖాళీని నేను సెక్రెటరీకి చెప్పలేదు. చెప్పే పని లేకపోయింది. ఆయన అంతకుముందే నోటు పేజీలన్నిటికీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నాడట. నా జాబితాను వాటితో వరసగా పోల్చి, ఆవణి రెండో ముహూర్తం దగ్గర వేలు ఆపాడు. ఆ వేలిని చాలాసేపు తీయలేదు. ఈ తేదీ అడిగిన ఇద్దరికి మామ లేదని చెప్పి పంపాడని ఆయనకు తెలుసు. దాన్ని ఫారంలో తెరిచి ఉంచమన్నాడు. శుక్రవారం పొద్దున పది గంటలకు ఫారం ఊరికంతా వదలాలి, ఎవరో ఒకరు ఆ తేదీ తీసుకుంటారు, అప్పుడు మామ ఎవరి కోసం దాచాడో ఆ మనిషి తనంతట తనే లబోదిబోమని బయటికి వస్తాడు. ఇక సమావేశంలో వాదించే పనే ఉండదు. బ్యాంకులో ఇట్లా ఎంతమందిని పట్టాడో చెప్పి వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చాడు. స్పిన్నింగ్ మిల్లులో మెషిన్ల మరమ్మతు చూసి రిటైరైన మనిషి. వరస తెలియకపోయినా మా వాళ్ళే కాబట్టి పెదనాయన అంటాను. మోకాలికి బ్యాండేజీ గుడ్డ కావాలన్నాడు. ఇచ్చాను. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు కానీ కదల్లేదు. కాసేపటికి, ఆ కంప్యూటర్ ఫారంలో అన్ని పేర్లూ రాయాల్సిందేనా అన్నాడు. తనకు కాదట, తెలిసినవాళ్ళు అడగమన్నారట.

సెక్రెటరీ నన్ను పరీక్షించడానికి పంపాడనుకున్నాను. తర్వాత, మామ పంపాడేమో అనుకున్నాను. ఏదైనా సరే, కావాలంటే చూసుకోండని పేజీ తెరిచి కీబోర్డు ఆయన వైపు జరిపాను. ఒక్క వేలితో ఇంటిపేరు కొట్టాడు. పేరు, ఫోను నంబరు కొట్టాడు. తెలిసినవాళ్ళవి కావు, తనవే. తేదీల జాబితా కిందికి జార్చి, వెతుక్కోకుండా ఆవణి రెండో ముహూర్తం నొక్కాడు. వధువు పేరు దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ అద్దాల మీద మరకేమీ లేదు.

ఆయన కూతురి సంగతి నాకూ గుర్తుంది. నాలుగేళ్ళ కిందట మా మండపంలోనే పెళ్ళి. ఊరంతా వచ్చి తిన్నాం. ఎనిమిది నెలలకు ఆ అమ్మాయి తిరిగి వచ్చేసింది. ఊరంతా ఆ సంగతీ మాట్లాడాం. కోర్టులో తెగేసరికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు మంసాపురంలో సేద్యం చేసుకునే ఒకతను అడిగాడట. అతనికి నచ్చింది, అమ్మాయికి నచ్చింది. ఆయన చెప్పుకుపోతున్నాడు, నేను వింటున్నాను. తాళి కట్టేదాకా ఎవరికీ తెలియకూడదు, నలభై మంది చాలు అన్నదట ఆ అమ్మాయి. అతని వైపు ఒక పెద్దాయనకు తెలిస్తే నడిమధ్యలో వచ్చి నిలబడి ఆపేస్తాడన్న భయం ఒకటి. అంతకన్నా, తెలిసిన రోజు నుంచీ ఊరు ఆ అమ్మాయి ముఖంలోకి చూసే చూపు.

"పోయిన తూరి పత్రిక పట్టుకోని ఇంటింటికీ నేనే తిరిగినా. ఈ తూరి పేరు ముందరే బయట పడితే ఆ పిల్ల వాకిలి దాటదు పాపా. వొద్దని చెప్పేస్తాది, నాకు తెలుసు" అన్నాడు. మళ్ళీ ఆయనే, "మీ మామ నాలుగు నెలలుగా తేదీ పట్టుకోని ఉండాడు. ఒక టీ కూడా నా చేత తాగలేదు. దారిలో కనబడితే తల ఆడిస్తాడు, అంతే" అన్నాడు.

మా వాళ్ళ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సంబంధం ఖాయమై తాంబూలాలు మారేదాకా ఎవరూ సొంత పేరుతో మండపం అడగరు. దిష్టి ఒకటి, నోళ్ళు ఒకటి. తమ్ముడి పేరుతోనో బావ పేరుతోనో తేదీ పట్టుకుని, పత్రిక అచ్చయ్యాక పేరు మారుస్తారు. పెన్సిల్ అందుకే. ఇది ప్రతి ఇంట్లోనూ చేసే పనే కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు. పేరు అరువిచ్చేవాళ్ళు కూడా లేనివాళ్ళు ఏం చేస్తారన్నదే మేమెవరమూ ఆలోచించలేదు. కూతురు తిరిగి వచ్చాక ఈయన అన్నదమ్ములు మాట్లాడడం మానేశారు. అట్లాంటివాళ్ళ తేదీలు మామ నోటులో ఖాళీగా ఉంటాయి. వైకాసిలో ఊడిపడ్డ ఆ పెళ్ళి కూడా ఎవరిదో ఇట్లాంటిదే అయ్యుంటుంది. మూడేళ్ళుగా జాగ్రత్తగా కాపాడుకున్న అనుమానం అట్లా పది నిమిషాల్లో చేతిలోంచి పోయింది. పోతే తేలిక అవుతుందంటారు. నాకైతే కాలేదు.

సాయంత్రం మామ గదికి వెళ్ళాను. తెలిసిందని చెప్పాను. ఎట్లా తెలిసిందని కూడా ఆయన అడగలేదు. బల్ల మీద తాళాల గుత్తి ఉంది. ఎప్పుడూ ఆయన మొలతాడుకు వేలాడే గుత్తి అది. పన్నెండు తాళంచెవులకీ కొత్తగా కాగితం చీటీలు కట్టి ఉన్నాయి. వంటగది, స్టోరు, పై గది, జనరేటర్. తర్వాత వచ్చేవాళ్ళకు తికమక ఉండకూడదని రాశాడట.

సమావేశంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే నీ మీదున్న మాట పోతుంది కదా మామా అన్నాను.

"నామీది నుంచి పోతాది. ఆ పిల్లమీదికి పోతాది" అన్నాడు. తాళాల గుత్తి సర్దుతూ, "నోటు పోతే పోనీ. నాకు మాత్రం ఎన్నేండ్లని? చీకటి పడే లోపల ఇంటికి పో, అక్క చూస్తా ఉంటాది" అన్నాడు.

ఆవణి రెండో ముహూర్తం పక్కన డిసేబుల్డ్ అని ఒక్క మాట రాసేస్తే సరిపోతుందని దారిలో అనుకున్నాను. శుక్రవారం తొమ్మిదిన్నరకే సెక్రెటరీ నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జాబితాలో ఏది తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నీ కంఠతా వచ్చి ఉన్నాడు. పది కొట్టగానే సంఘం వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాడు. పట్టికలో మొదటి పేరు ఎవరిది పడుతుందో చూడాలని కంప్యూటర్ తెరకు అంగుళం దూరంలో ముఖం పెట్టాడు.

నా ఫోను నా ఒడిలో ఉంది. ఫారం నేనే చేశాను కాబట్టి గడుల వరస చూడకుండానే తెలుసు. మా ఇంటిపేరు కొట్టాను. తేదీ ఆవణి రెండోది. ముహూర్తం రోజున మండపం పెళ్ళికి తప్ప ఇవ్వరు కాబట్టి విశేషం దగ్గర పెళ్ళి అని నొక్కాను. పెళ్ళన్నాక వధువు కావాలి. మా ఇంట్లో పెళ్ళి కానిదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను. నా పేరు కొట్టి సబ్మిట్ నొక్కితే, వరుడి పేరు తప్పనిసరి, ఈ గడి నింపండి అని ఫోను నన్ను అడిగింది. ఇంతవరకూ మా అమ్మ తప్ప ఎవరూ అంత సూటిగా అడగలేదు.

రిక్వైర్డ్ అన్న మాట పైకి కనిపించేంత గట్టిది కాదు. గడి ఖాళీగా ఉండకూడదంటుంది, అంతే. లోపల ఉన్నది మనిషి పేరేనా అని చూడదు. ఒక చుక్క పెట్టాను. తీసుకుంది.

సెక్రెటరీ పట్టిక చదివాడు. పది గంటల రెండు నిమిషాలు. మా ఇంటిపేరు. ఆవణి రెండో ముహూర్తం. తల తిప్పి నన్ను చూశాడు. మళ్ళీ తెరను చూశాడు. పోల్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"మాపిళ్ళ పేరు చుక్క అని ఉండాది."

"మీరే కదా చిన్నాయనా, కట్టాయం అన్నారు."

"ఎవరు?"

"ఇంకా బయట చెప్పేదానికి లేదు" అన్నాను. అబద్ధం కాదది.

ఆయన ముఖంలో లెక్క సాగడం చూస్తూ కూర్చున్నాను. మామ ఒక తేదీ దాచాడు. ఆ తేదీని మామ అక్క కూతురు తీసుకుంది. నోటు పోతుందని తెలిసినా మామ నోరు విప్పలేదు. లెక్క తేలిపోయింది. ఎవరి దగ్గరో పుచ్చుకుని దాచాడనుకున్నప్పుడు మండిపోయిన మనిషి, మేనకోడలి కోసం దాచాడని తోచగానే కుర్చీలో వెనక్కి వాలాడు. పక్షపాతాన్ని పట్టుకోవడానికే ఈ ఫారం చేయించాడన్న సంగతి అప్పుడు ఆయనకు గుర్తున్నట్టు లేదు. గుర్తు చేయడం నా పని కాదు.

పదకొండింటికి మా అమ్మ షేర్ ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చేసింది. నాలుగో వీధి వరకూ తెలిసిపోయిందట, తనకే ఆఖరున తెలిసిందట. అరిచే రకం కాదు అమ్మ. బ్యాండేజీ పెట్టెల మధ్య నిలబడి, మన ఆళ్ళేనా అని ఒక్క ప్రశ్న వేసింది. చెప్పనన్నాను. అయితే మన ఆళ్ళు కాదన్నమాట అనుకుంది. ఒక నిమిషం ఆలోచించి, పరవాలేదు అంది. ముప్పై ఆరేళ్ళ తర్వాత పరవాలేదు ఎట్లా వచ్చిందో నాకూ అర్థమైంది. నేను చేసిన దాంట్లో తప్పేమైనా ఉంటే అది అక్కడ ఉంది. ఆ రోజు సాయంత్రం మామ ఇంటికి వచ్చి కాఫీ తాగి, అమ్మ అడిగిన వాటికి వేటికీ జవాబివ్వకుండా, వెళ్ళేటప్పుడు నన్ను చూసి తల ఆడించాడు.

ఆడిలో సమావేశం జరిగింది. ఎవరో ఒకాయన లేచి నోటు సంగతి ఎత్తబోతే సెక్రెటరీయే అడ్డుపడ్డాడు. "సొంత అక్క కూతురికి ఒక తేదీ పట్టుకోకుంటే వాడు ఏమి మామ?" అన్నాడు. అందరూ నవ్వారు. నోటూ తాళాలూ మామ దగ్గరే ఉండాలనీ, ఫారం కూడా తోడుగా నడవాలనీ తీర్మానం రాసుకున్నారు. మామ మీద ఉన్న అనుమానాన్ని అక్కడే వదిలేసి, ఇంటికి పోయేటప్పుడు అందరూ నా మీది అనుమానాన్ని పట్టుకుపోయారు. చుక్క ఎవరు? మా యూనిట్‌కు నూలు వేసే లారీ ఓనరన్నారు. కోయంబత్తూరు క్లాస్‌మేట్ అన్నారు. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చే మా ఆఫీసు అకౌంటెంట్ నాతో మాట్లాడడం తగ్గించాడు, ఆయనకు ఇద్దరు పిల్లలు.

పెళ్ళికి రెండు రోజుల ముందు అమ్మకు చెప్పాను. నాకని జాకెట్ గుడ్డ కొని కుట్టడానికి ఇచ్చి వచ్చిందని అప్పుడే తెలిసింది. విని, సరి అంది. లోపలికి పోయి చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. మా బియ్యంలో రాళ్ళుండవు. తర్వాత వచ్చి, ఆ పిల్లకు పెట్టేదానికి మంచి చీర ఏదైనా చూడమంది.

ముందు రోజు పేజీలో తేదీల పట్టిక మరమ్మతులో ఉంది. ఆ సందేశం నేనే పెట్టాను. పెళ్ళి రోజు పొద్దున మామ నోటులో నా పేరు తుడిచి ఆ అమ్మాయి పేరు రాశాడు. ముహూర్తానికి నలభై మందీ వచ్చారు. పిలవకుండా ఇంకో అరవై మంది దాకా వచ్చారు, చుక్కను చూడడానికి. లోపలికి వస్తూనే వాళ్ళందరూ నా కోసం వెతికారు. నేను వడ్డించే చోట సాంబారు గరిటెతో నిలబడి ఉన్నాను. పక్కన ఎవరు నిలబడితే వాళ్ళ ముఖంలోకి చూశారు. ఇంతమంది ఇన్ని విధాలుగా నన్ను చూస్తుంటే, పీటల మీద ఆ అమ్మాయి తల పైకెత్తి కూర్చుంది. ఆ అమ్మాయిని చూడాల్సిన ఒక్కతను మాత్రం చూశాడు. ఎవరో తేరుకుని అటు తిరిగేసరికి తాళి కట్టడం అయిపోయింది.

సెక్రెటరీకి తేరుకోవడం ఇంకొంచెం ఆలస్యమైంది. పీటల వైపు చూశాడు, వధువు తండ్రిని చూశాడు, నేరుగా మామ గదిలోకి పోయి నోటు తెరిచాడు. నేను గరిటె వదిలేసి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఫొటోలతో పోల్చిన రోజులాగే ఆ వరస మీద వేలు ఆపాడు. మామ కుర్చీలోంచి లేవలేదు. నోటు మూసి ఆయన వైపు జరిపి, "రెండో పంక్తి ఎప్పుడు వేస్తారు?" అన్నాడు సెక్రెటరీ. వెళ్ళి కూర్చుని, అన్నీ రెండోసారి వేయించుకుని తిన్నాడు.

వారం తర్వాత ఆయన నాకు ఫోన్ చేశాడు. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో మొదటి ముహూర్తం ఫారంలో నొక్కడానికి వీల్లేకుండా చేయమన్నాడు. మామతో మాట్లాడేశాడట. చేస్తాను, పట్టికలో ఎవరి పేరు రాయాలి చిన్నాయనా అని అడిగాను. అటువైపు గది తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"పేరెందుకు పాపా ఇప్పుడు?" అన్నాడు.

డిసేబుల్డ్ అని రాసి పెట్టాను. ఆయన ఇంట్లో ఏమి జరుగుతోందోనని అప్పటినుంచీ నాకు అనుమానం.